బాగుందండి అనని మనిషి

మా ఊరి కాలువ వంతెన దగ్గర మొన్న ఒక ఫ్లెక్సీ వెలసింది. అందులో ఒక పెద్దమనిషి పలువరుస అంతా కనబడేలా నవ్వుతున్నాడు. మెడలో బంతిపూల దండ, వెనకాల సూర్యోదయం, ఆ సూర్యుడికి అడ్డంగా నడిచి వస్తున్న ఒక సీమ ఆవు. కింద లావుపాటి అక్షరాలలో, "పాడిరైతుల పాలిటి క్షీరప్రదాతకు కన్నీటి నివాళి."

ఆ మనిషికి నేను చాలాకాలం పక్కింటివాణ్ణి. ఆయన నవ్వగా చూశాను గాని నవ్వినప్పుడు ఆయన పళ్ళు ఎన్నడూ చూడలేదు. ఎదుటివారి పళ్ళు చూడటమే తప్ప తన పళ్ళు చూపే అలవాటు ఆయనకు లేదు. ఆయన జీవితం యావత్తూ గేదెలతో గడిచింది. ఆ ఆవు ఎవరిదో నాకు తెలియదు. ఇక ఆ పూలదండ విషయం: ఆయన దానిని మెడలోంచి తీసి బల్లమీద పెట్టిన క్షణాన నేను ముందు వరసలోనే కూర్చుని ఉన్నాను. ఫ్లెక్సీ తయారుచేసినవారు దానిని మళ్ళీ ఆయన మెడలో వేశారు. చనిపోయినవాడు అడ్డు చెప్పడు కదా.

ఫ్లెక్సీ కట్టించిన దాణా కొట్టు యజమాని, అనగా మా ఊరి సమస్త సభలకూ శాశ్వతాధ్యక్షులు, ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశారు.

"మాస్టారూ, ఆదివారం సంతాపసభండి. డాక్టరు గారి మీద ఓ అయిదు పద్యాలు తమరే చెప్పాలండి. పొడి గురించి ఓ పద్యమైనా ఉండాలండి."

"పొడి గురించా?"

"ఆయ్. అదే కదండీ ఆయన కీర్తి."

ఫోన్ పెట్టేసి కాగితం ముందు కూర్చున్నాను. కళాశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. ఎవరు పోయినా, ఎవరు రిటైరైనా, ఎవరి మనుమరాలికి బారసాల జరిగినా అయిదు పద్యాలు అల్లిన చేయి ఇది. ఆ రోజు ఒక్క పాదమైనా నడవలేదు. రాయబోయిన ప్రతి విశేషణం దగ్గరా ఒక గొంతు అడ్డం వచ్చి, ఎప్పటిలాగే, "దేనితో పోల్చి అండీ?" అంటున్నది.

*

ఆ ప్రశ్నతోనే ఆయన నాకు పరిచయమైనాడు. పశువైద్య పరిశోధనలో ఉద్యోగం ముగించుకుని మా పక్కిల్లు కొనుక్కుని వచ్చిన కొత్త. కాలువగట్టు మీద నలుగురు మిత్రులకు నేను ఆ ఉదయమే రాసిన గోదావరి వర్ణన వినిపిస్తున్నాను. ఈ నదీమతల్లికి సాటి వేరొకటి లేదని ముగించగానే నలుగురూ "ఆహా" అన్నారు. అయిదో మనిషి, తెల్లటి పొట్టిచేతుల చొక్కా, నలిగిన పంచె, వంగి నా నోటిలోకి చూస్తున్నాడు.

"దేనితో పోల్చి అండీ?" అన్నాడు.

"ఏమిటి?"

"సాటి లేదన్నారు కదండి. మిగతా నదులు తమరు చూశారా?"

చూడలేదని ఒప్పుకున్నాను. రైల్లో పోతూ కృష్ణను చూశాను గాని అప్పుడు నిద్రలో ఉన్నాను.

"సరేనండి," అన్నాడు ఏమాత్రం వెటకారం లేకుండా. "తమరి పైదవడ కట్టుడు పళ్ళు వదులయ్యాయండి. పద్యం బాగానే ఉండి ఉండొచ్చు, నాకు సగమే వినబడింది."

ఆయన మనుషులను పళ్ళతో గుర్తుపెట్టుకునేవాడు. గేదె వయసు పళ్ళలో చూడటం ఆయన వృత్తి. ఆ చూపు మనుషుల దగ్గరకు వచ్చినా మారలేదు. పన్ను ఎవరిదైనా పన్నే అనేవాడు. పెళ్ళివారింట ఎవరైనా ఎదురొచ్చి నమస్కరిస్తే, పేరు గుర్తురాక తడబడి, "ఆ, తమరు కింది కోరపన్ను విరిగినవారు కదూ" అని సంతోషంగా పలకరించేవాడు.

నాతో కూడా ఒక పరిశీలన చేయించాడు. నా నోటిలో మిగిలిన సొంత పళ్ళలో ఎడమవైపువాటికి వేపపుల్ల, కుడివైపువాటికి పేస్టు. ఒకే నోరు, ఒకే తిండి, ఒకే కాఫీ కాబట్టి పోలికకు ఇంతకంటె న్యాయమైన ఏర్పాటు లేదని ఆయన వాదం. కొన్నాళ్ళు పోయాక నేను గంభీరంగా, "మన పూర్వులు చెప్పిన వేపే శ్రేష్ఠమని తేలింది" అన్నాను.

"తమరు వేప పక్షమని నాకు ముందే తెలుసండి," అన్నాడు జేబులోంచి టార్చి తీస్తూ. "అందుకే మిమ్మల్ని అడగటం లేదు. పళ్ళను అడుగుతాను. నోరు తెరవండి."

పళ్ళు ఏం చెప్పాయో నేటికీ నాకు తెలియదు. "తేడా తేలలేదండి" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో నిరాశ కనబడేది కాదు. గేదె సుఖంగా ఈనిందని చెప్పే మనిషి ముఖం ఎలా ఉంటుందో, అలా ఉండేది.

*

మా ప్రాంతపు మర్యాద గురించి పరాయివారికి కొంత చెప్పుకోవాలి. మా దగ్గర ఎదుటివాడి మనసు నొచ్చుకునే మాట అనటానికి నోరు రాదు. విందులో ఉప్పు లేని పప్పు వడ్డించి "ఎలా ఉందండి?" అని అడిగితే, "అమృతమండి" అంటాము. అని, పక్కవాడి వైపు తిరిగి అసలు సంగతి చెప్పుకుంటాము. ఇది అబద్ధం కాదు. అడిగినవాడు నిజం కోసం అడగలేదు, చెప్పినవాడు నిజమని చెప్పలేదు. ఉభయులకూ తెలిసిన వ్యవహారం. ఈ వ్యవహారం తెలియనివాడు మా ఊళ్ళో ఆయన ఒక్కడే.

శాశ్వతాధ్యక్షులవారి కుమార్తె పెళ్ళిలో స్వయంగా అధ్యక్షులవారే పంక్తి పంక్తికీ వచ్చి చేతులు జోడించి, "వంటలు ఎలా ఉన్నాయండి?" అన్నారు. పంక్తి అంతా ఒక్క గొంతుతో "బ్రహ్మాండమండి" అన్నది. డాక్టరు గారు విస్తరి వైపు చూసి, ఆలోచించి, "పులిహోరలో పులుపు చాలదు. గుత్తివంకాయ మాడింది. పూతరేకులు బాగున్నాయి" అన్నారు. పంక్తిలో నములుతున్న దవడలన్నీ ఆగిపోయాయి. అధ్యక్షులవారి చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. చివరకు ఆయనే తేరుకుని, "డాక్టరు గారికి పూతరేకులు నచ్చాయి, ఇంకో రెండు వెయ్యండర్రా" అని ముందుకు కదిలారు. ఆ నేర్పు చూసి నేను అబ్బురపడ్డాను. ఆ నేర్పు ముందు ముందు ఏం చేయబోతున్నదో అప్పుడు ఊహించలేదు.

ఆయన ఎవరికీ కోపం తెప్పించాలని అనేవాడు కాదు. అడిగితే చెప్పేవాడు. తాను అడిగినప్పుడు కూడా ఎదుటివారు అలాగే చెబుతారని నమ్మేవాడు. ఆయన అమాయకత్వమంతా ఆ నమ్మకంలోనే ఉన్నది.

*

ఇక పొడి. భీమవరం వైపు రొయ్యల షెడ్లలో పారేసే తలకాయలూ పొట్టూ తెప్పించి, డాబామీద ఎండబెట్టి, దంచి, ఎండు మునగాకుతోనూ నువ్వులచెక్కతోనూ కలిపి ఆయన తయారుచేసిన దాణా అది. దానిని తిన్న గేదెకు ఎముక పుష్టి, పాలు వృద్ధి కలుగుతాయని ఆయన ఊహ. ఆ డాబా గోడకు ఇవతల నా పూజగది. ఆ వేసవిలో నేను చేసిన సంధ్యావందనాలన్నీ ఏ సముద్రపు ఒడ్డునో చేసినట్టుండేవి.

"ఇది పనిచేస్తుందా?" అని ఒకసారి అడిగాను.

"అది తెలుసుకోవటానికే కదండి. పనిచెయ్యాలని మాత్రం చాలా ఉందండి," అన్నారు. మళ్ళీ ఆయనే, "అందుకే నన్ను నేను నమ్మకూడదు," అన్నారు.

ఆ మాట మీద ఆయన కట్టిన ఏర్పాటు చూసి నేను విస్తుపోయాను. ఊళ్ళో ఈనిన గేదెలను ఎంచి చీట్లు వేసి రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు పొడి. రెండో జట్టుకు ఉత్త తవుడు. దానికీ రొయ్యల వాసన పట్టించి, రంగూ బరువూ ఒక్కలా ఉండేలా చేశారు. ఏ గేదెకు ఏది వెళుతున్నదో యజమానికి తెలియకూడదు. తనకు అసలే తెలియకూడదు. తెలిస్తే తన చెవులు తనకు కావలసిన మాటే వింటాయట. మరి ఎవరో ఒకరికి తెలియాలి కదా! ఆ రహస్యం తన శ్రీమతికి అప్పగించారు.

ఆ ఇల్లాలు నన్ను అన్నయ్య గారూ అని పిలిచేది. మాట తక్కువ, చేయి పెద్దది. వారానికొకసారి ఆడవాళ్ళు తమ తమ డబ్బాలు తీసుకుని వచ్చేవారు. ఆమె వాటిని లోపలికి తీసుకుపోయి, ఎవరిది వారికి నింపి ఇచ్చేది. ఆ సమయంలో డాక్టరు గారు పెరట్లోకి పోయి, నిమ్మచెట్టు వైపు ముఖం పెట్టి, వీధివైపు వీపు పెట్టి కూర్చునేవారు. "నాకు వినబడుతోంది, గట్టిగా మాట్లాడకండి" అని మధ్యమధ్య కేకవేసేవారు. తపస్సు చేసుకునేవారు కూడా అంత నిష్ఠగా కళ్ళు మూసుకోరు.

ప్రతి సాయంత్రం ఆయన ఇంటింటికీ ఫోన్ చేసి పాలు ఎన్ని ఇచ్చిందో అడిగేవారు. నేను వరండాలో కూర్చుంటే ఆ సంభాషణలు వినబడేవి.

"ఏమ్మా మంగతాయారూ, గేదె ఎలా ఉంది?"

"బాగుందండి."

"బాగుందంటే? పాలు పెరిగాయా, అలాగే ఉన్నాయా?"

అవతల కొంచెం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మంగతాయారు ఏం ఆలోచిస్తున్నదో ఆయన ఎన్నడూ అనుమానించలేదు.

కొన్ని నెలలకు ఫలితం తేలింది. శ్రీమతి రహస్యం విప్పి ఏ గేదె ఏ జట్టుదో చెప్పింది. పొడి తిన్న గేదెలన్నీ పాలు పెంచాయి. తవుడు తిన్న గేదెలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క గేదె కూడా దారి తప్పలేదు. ఆయన గోడ దగ్గరకు వచ్చి నన్ను కేకవేశారు. కళ్ళు చెమ్మగా ఉన్నాయి.

"నా ఉద్యోగమంతటిలో ఇంత శుభ్రమైన ఫలితం చూడలేదండి," అన్నారు. తరవాత తల గోక్కున్నారు. "గేదెలు ఇంత క్రమశిక్షణగా ఉండవే."

*

దాణా కొట్టు యజమాని సన్మానసభ ఏర్పాటు చేశారు. పొడి ఇకమీద వారి కొట్టులోనే, డాక్టరు గారి బొమ్మతో, సంచుల్లో దొరుకుతుందని అక్కడే ప్రకటన. అదే బంతిపూల దండ, ఉప్పాడ నేతవారి జరీ కండువా, నా పద్యాలు. ఆ పద్యాలలో ఆయన చేత పాలసముద్రాన్ని మళ్ళీ చిలికించాను.

సభలో గేదెలున్న ఆడవాళ్ళ తరఫున మంగతాయారును రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె మైకు రెండు చేతులతో పట్టుకుని, వచ్చిన మర్యాదంతా మూటగట్టి ఇలా అన్నది:

"డాక్టరు గారు దేవుడండి. మందు వచ్చినవాళ్ళకి మందు వచ్చిందండి. మాకు మందు రాకపోయినా, అమ్మగారు ప్రతివారం సున్నుండలు పంపించారండి. ఆ రుచి ఎక్కడా లేదండి."

జనం చప్పట్లు కొట్టారు. డాక్టరు గారు లేచి నిలబడ్డారు.

"సున్నుండలేంటమ్మా?"

"అదేనండి, మా డబ్బాల మీద పొట్లం కట్టి ఇచ్చేవారు కదండి అమ్మగారు."

"అందరికీనా?"

"లేదండి. తవుడు వెళ్ళే ఇళ్ళకేనండి."

"తవుడు అని మీకెలా తెలుసు?"

"సున్నుండలు వచ్చాయి కదండి," అన్నది మంగతాయారు, ఇంత చిన్న సంగతి అంత చదువుకున్నవాడికి ఎలా తెలియలేదో అన్నట్టు చూస్తూ.

ఆయన వేదిక మీదినుంచి, ముందు వరసలో నా పక్కనే కూర్చున్న శ్రీమతి వైపు చూశారు. ఆమె తల వంచుకున్నది. ఆ క్షణంలో నాకంతా అర్థమైంది. ఇంట్లో మినుములు ఎందుకు ఇలా ఖర్చైపోతున్నాయని ఆయన నాతో రెండు మూడుసార్లు వాపోయినది గుర్తుకొచ్చింది. మా వైపు ఏ ఇల్లాలూ పొరుగువారి పాత్రను ఖాళీగా తిరిగి పంపదు. ఒక వంకాయైనా, గుప్పెడు కరివేపాకైనా వేసి పంపుతుంది. పొడి వెళ్ళే డబ్బాలతో ఆమెకు చిక్కు లేదు. మందని చెప్పి ఉత్త తవుడు పోసిన డబ్బా మాత్రం ఆమె దృష్టిలో ఖాళీ డబ్బాయే. ఆ సిగ్గు పడలేక పైన సున్నుండలు పెట్టింది. ఆ లెక్క మా ఊరి ఆడవాళ్ళకు మొదటి వారమే తెలిసిపోయి ఉంటుంది.

ఆయన ఇంకా మైకు ముందే ఉన్నారు. గొంతు తగ్గించి, రోగిని అడిగినంత మెత్తగా అడిగారు.

"పోనీ, పాల సంగతి నిజంగా చెప్పమ్మా. మీ గేదె పెంచలేదన్నావు. నిజమేనా?"

"అదేమోనండి. తవుడుకి పెరిగాయని చెబితే మీ మందుకి చిన్నతనం కదండి."

ఆయన సభ వైపు తిరిగారు. "పొడి తిన్న గేదెలవారు చెప్పండి. పెరిగాయా?"

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "తమరు రోజూ ఫోన్ చేసి అంత ఆశగా అడుగుతుంటే పెరగలేదని ఎలా అంటామండి? మాకు మర్యాద తెలీదా?" అన్నాడు. సభంతా అవునంటే అవునని తలలూపింది.

అప్పుడు తీశారు దండ. తొందరేమీ లేదు, పూలు రాలకుండా తీసి బల్లమీద పెట్టారు, కండువా మడతపెట్టి దానిపై ఉంచారు. "ఈ పొడి పనిచేస్తుందని నాకు తెలియదు. పనిచేయదని కూడా తెలియదు. తెలిసేదాకా ఎవరూ కొనవద్దు," అని దిగిపోయారు.

శాశ్వతాధ్యక్షులవారు మైకు అందుకున్నారు. "చూశారా అండి, ఎంత వినయమో! ఇలాంటి మహానుభావుడి పొడి మన ఊరిది కావటం మన అదృష్టం. ఒక్కసారి గట్టిగా చప్పట్లు!"

*

ఆ సాయంత్రం వాళ్ళింట్లో కేకలు వినబడతాయేమోనని నేను గోడ దగ్గరే తచ్చాడాను. వినబడలేదు. ఆమె ఏడుస్తూ, "ఏమండీ, నాకు తోచలేదండి" అంటున్నది. ఆయన, "తప్పు నాది. నీ చేతికి డబ్బాలిచ్చి, వాటిలో అబద్ధం నింపమన్నాను. నీకది చేతకాదని నాకు తెలిసి ఉండాల్సింది," అన్నారు. కొంతసేపటికి, "సున్నుండలు ఇంకా ఉన్నాయా?" అన్నారు.

పరిశీలన మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి తవుడూ పొడీ డబ్బాలకెత్తి పంపే పని పొరుగూరిలో ఉన్న పాత సహోద్యోగికి అప్పగించి, పాలు కొలిచే పని తానే తీసుకున్నారు. తెల్లారేసరికి కొలపాత్ర పట్టుకుని పాకల ముందు నిలబడేవారు. ఊరు నొచ్చుకున్నది. "మేము చెబితే నమ్మరా అండి?" అన్నారు కొందరు. పితికే పొదుగు వైపు పరాయి చూపు పడితే దిష్టి అన్నారు కొందరు. మంగతాయారు గేదెను తోలుకుని పుట్టింటికి పోయింది. కాఫీ ఇచ్చే ఇళ్ళు కాఫీ మానేశాయి. మా ఊళ్ళో అంతకంటె పెద్ద శిక్ష లేదు. ఆయన పంచె అంచు పేడలో తడుస్తూనే ఉన్నది.

మిగిలిన కొద్ది గేదెలతోనే పని పూర్తిచేశారు. ఫలితం వచ్చిన ఉదయం పాలకేంద్రం గోడమీది నల్లబల్ల మీద స్వహస్తంతో రాశారు: "నేను చేసిన పొడి పాలు పెంచదు. వాడవద్దు." కింద సంతకం. గోడ దగ్గర కలిసినప్పుడు నేను ఓదార్పుగా ఏదో అనబోయాను.

"అలా అనకండి మాస్టారూ. ఇన్నాళ్ళకు ఒక సంగతి తెలిసింది," అన్నారు. అది గేదె సుఖంగా ఈనిందని చెప్పే ముఖమే. కాని ఈసారి వేళ్ళకంటిన సుద్దను పంచెకు తుడుస్తూనే ఉన్నారు.

ఆ బల్ల చదివినవారంతా కరిగిపోయారు. "పాపం, అంత మంచి పొడి!" అన్నారు. సంచులకు గిరాకీ పెరిగింది. ఆయన కొట్టుకు వెళ్ళి, తన బొమ్మ తీసేయమని అడిగారు. "అలాగేనండి, తప్పకుండానండి, కూర్చోండి డాక్టరు గారూ, మజ్జిగ తీసుకోండి" అన్నారు అధ్యక్షులవారు. ఎన్నిసార్లు వెళ్ళినా అదే "అలాగేనండి", అదే మజ్జిగ. కాదన్న మనిషితో పోట్లాడవచ్చు. అలాగేనన్నవాడిని ఏం చేయగలం?

చివరికి ఆయన నల్ల మార్కరు ఒకటి జేబులో పెట్టుకుని తిరగసాగారు. ఏ పాకలో తన బొమ్మ సంచి కనబడినా వంగి ఆ ముఖం కొట్టివేసేవారు. ఆ పెద్దమనిషి ముఖం అలా పాడవటం చూడలేక జనం ఆయన వస్తున్నాడని తెలియగానే సంచులు తిరగేసి పెట్టేవారు. నాకు మిగిలిన చివరి చిత్రం అదే: పాక గుమ్మంలో, ఎండలో, మూత తీసిన మార్కరుతో, కొట్టివేయటానికి తన ముఖం కోసం వెతుకుతున్న మనిషి.

*

ఆదివారం సంతాపసభకు వెళ్ళాను. పద్యాలు తీసుకెళ్ళలేదు. వక్తలందరూ పొడిని కీర్తించారు. ఒకరు దానివల్ల తమ గేదె కవలల్ని ఈనిందన్నారు. నా వంతు వచ్చింది.

"డాక్టరు గారి మీద పద్యాలు చెప్పమన్నారు," అన్నాను. "నేను ఒక్క వాక్యమే చెబుతాను. అది నాది కాదు, ఆయన నల్లబల్ల మీద రాసుకున్నది. ఆ పొడి పాలు పెంచదు. అది ఆయన కనుక్కున్నారు. ఆయన కీర్తి అది."

ఇంతలో శాశ్వతాధ్యక్షులవారు కళ్ళు తుడుచుకుంటూ లేచారు.

"ఎంత బాగా చెప్పారండి మాస్టారు! డాక్టరు గారి నిగర్వం కళ్ళకు కట్టారండి! చప్పట్లు!"

చప్పట్లు మోగాయి. నాకు కండువా కప్పారు. ఇంటికి వెళ్ళేటప్పుడు సభకు వచ్చిన అందరితోబాటు నా చేతిలోనూ ఒక చిన్న సంచి జ్ఞాపికగా పెట్టారు. దానిమీద ఆయన నవ్వుతున్నారు.

మరునాటి ఉదయం వరండాలో ఆ సంచి ఏం చేయాలా అని చూస్తూ కూర్చున్నాను. పుట్టింటినుంచి ఎప్పుడో తిరిగొచ్చిన మంగతాయారు పక్కింటి గుమ్మంలోకి వచ్చింది, చేతిలో పాత డబ్బా. డాక్టరు గారి శ్రీమతి బయటికి వచ్చింది.

"అమ్మగారూ, డాక్టరు గారి చేతి పొడి ఏమైనా మిగిలుంటే కాస్త పెట్టండమ్మా. కొట్టులోది కాదండి, ఆయన చేత్తో కలిపింది. మా గేదె కొత్తగా ఈనిందండి."

"అది పనిచెయ్యదు మంగతాయారూ."

"అలా అనకండమ్మగారూ. బాగుండేదండి."

"దేనితో పోల్చి?"

ఆ గొంతు విని నేను ఉలిక్కిపడి లేచాను. ఆమే అన్నది. మంగతాయారు కొంగు కొసను వేలికి చుట్టుకుని నిలబడింది. మర్యాదకు తగిన మాట ఏదీ ఆమెకు అందలేదు.

"ఏమోనండి," అన్నది చివరికి, నేలచూపులు చూస్తూ. "మా గేదె దాన్ని తిననే లేదు లెండి. ఆయన మీద గౌరవంతో అడిగానండి."

"తెలుసు," అన్నది ఆమె. డబ్బా అందుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. మినుముల డబ్బా మూత చప్పుడైంది, మళ్ళీ మూసిన చప్పుడైంది. తరవాత ఆమె గుమ్మంలోకి వచ్చి, కడిగి, కొంగుతో తుడిచి, మూతపెట్టిన ఆ డబ్బాను మంగతాయారు చేతిలో పెట్టింది.

మంగతాయారు దాని బరువు చూసుకుని, మూత తీసి లోపలికి చూసి, మళ్ళీ ఆమె ముఖంలోకి చూసింది. డబ్బాను రెండు చేతులా పట్టుకుని, నిండుగా ఉన్నదానిని మోసినంత జాగ్రత్తగా మెట్లు దిగింది.

ఆ గడప దాటి ఖాళీ డబ్బా బయటికి రావటం నేను అదే మొదటిసారి చూడటం.